‘ముందు విలీనం చేయండి, లోపాలు తర్వాత దిద్దుకోవచ్చు’: ఎన్‌పీయూ డ్రైవర్లపై తిరుగుతున్న సందేశానికి జవాబు

కొన్ని వారాలుగా ఒకే సందేశం మిత్రుల నుంచి పదే పదే వస్తోంది. చిప్ కంపెనీల్లో స్వయంగా డ్రైవర్లు రాసేవారు కూడా దాన్ని నిదానంగా చదవకుండానే పదిమందికీ పంపుతున్నారంటే విసుగుతో పాటు బాధ కూడా కలుగుతోంది. దాని సారాంశం ఇది: లైనక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) నిర్వాహకులు న్యూరల్ ప్రాసెసర్ల (ఎన్‌పీయూల, అంటే ఏఐ లెక్కలు చేసే చిప్‌ల) డ్రైవర్లను కెర్నెల్‌లో విలీనం కాకుండా కావాలనే అడ్డుకుంటున్నారు, అలాంటి చిప్‌ల కోసమున్న యాక్సెల్ విభాగానికి సంబంధం లేని డీఆర్ఎం (గ్రాఫిక్స్ డ్రైవర్ల విభాగం) నియమాలను దానిపై రుద్దుతున్నారు, చిప్‌ను నడిపే రిజిస్టర్లను నేరుగా యూజర్‌స్పేస్‌కు (మామూలు ప్రోగ్రాములు నడిచే చోటుకు) మ్యాప్ చేస్తే కెర్నెల్‌తో పనే ఉండదు, ఓపెన్ సోర్స్ యూజర్‌స్పేస్ అడగడం, అంటే డ్రైవర్‌ను వాడే ప్రోగ్రాముల కోడ్ కూడా బయట ఉండాలనడం, వట్టి చాదస్తం, ఇంటర్‌ఫేస్‌లో లోపాలుంటే విలీనం అయ్యాక దిద్దుకోవచ్చు.

మొదటి రెండింటికీ ఎక్కువ మాటలు అనవసరం. 2023 ఫిబ్రవరిలో కెర్నెల్ 6.2 వెర్షన్‌తో వచ్చిన యాక్సెల్ విభాగం డీఆర్ఎం కోర్ మీదే నిలబడింది. పరికరం వేరే పేరుతో, 261 అనే మేజర్ నంబరుతో (పరికర రకాన్ని గుర్తించే సంఖ్యతో) కనబడుతుంది తప్ప లోపలి యంత్రాంగం అదే. ఇక అడ్డుకోవడం సంగతి: 6.3లో ఇంటెల్, 6.4లో క్వాల్‌కామ్ క్లౌడ్ ఏఐ 100, 6.14లో ఏఎండీ ఎక్స్‌డీఎన్‌ఏ, 6.18లో రాక్‌చిప్ ఎన్‌పీయూ డ్రైవర్లు లోపలికి వచ్చాయి.

అసలు ప్రమాదం చివరి మాటలో ఉంది. డ్రైవర్ లోపలి కోడ్‌ను ఎన్నిసార్లైనా తిరగరాయవచ్చు. యూజర్‌స్పేస్‌కు చూపించిన ఐఆక్టల్‌ను (ప్రోగ్రాము డ్రైవర్‌ను పని అడిగే పిలుపును) మాత్రం, దాన్ని వాడే ప్రోగ్రాము ఒక్కటి మిగిలి ఉన్నా, మార్చే వీలు లేదు. ఆ పిలుపుతో పంపే ఒక స్ట్రక్చర్‌లో (డేటా అమరికలో) ముందు 32 బిట్ల హ్యాండిల్ (బఫర్‌ను గుర్తించే సంఖ్య), వెంటనే 64 బిట్ల గడువు పెట్టారనుకుందాం. 64 బిట్ల కెర్నెల్‌లో కంపైలర్ మధ్యలో నాలుగు బైట్ల ఖాళీ వదులుతుంది కాబట్టి దాని పరిమాణం 16 బైట్లు. 32 బిట్ల ఎక్స్86 ప్రోగ్రాములో ఆ ఖాళీ ఉండదు కాబట్టి 12 బైట్లు. ఐఆక్టల్ నంబరులోనే పరిమాణం ఇమిడి ఉంటుంది కనుక నంబర్లే కలవవు. నంబరును ఎలాగో సరిపుచ్చినా, గడువు ఉండాల్సిన చోట కెర్నెల్ వేరే బైట్లు చదువుతుంది. సమీక్షలో ‘ఇక్కడ ప్యాడ్ (ఆ ఖాళీని నింపే ఫీల్డ్) పెట్టండి’ అనే ఒక్క వాక్యంతో తీరిపోయే పని ఇది. విలీనం అయ్యాక చేస్తామనడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

ప్యాడ్ పెడితే సరిపోదు, అది సున్నా కాకపోతే ‘చెల్లదు’ అని తిప్పికొట్టాలి. ఫ్లాగుల్లో తెలియని బిట్ల విషయమూ అంతే. ఈ తనిఖీ లేకపోతే స్టాక్‌లోని చెత్తను అలాగే పంపే ప్రోగ్రాములు నిక్షేపంగా నడుస్తాయి, రెండేళ్ల తర్వాత ఆ బిట్టుకు కొత్త అర్థం ఇవ్వగానే అవన్నీ ఒక్కసారిగా కూలతాయి. గడువును ‘ఇప్పటి నుంచి ఇన్ని నానోసెకన్లు’ అని సాపేక్షంగా తీసుకుంటే, సిగ్నల్ వచ్చి పిలుపు మళ్లీ మొదలైన ప్రతిసారీ లెక్క మొదటికి వస్తుంది. అందుకే ఇంటెల్ డ్రైవర్‌లో బఫర్ కోసం వేచి ఉండే పిలుపు ‘ఫలానా క్షణం వరకు’ అనే నిరపేక్ష సమయాన్నే గడువుగా తీసుకుంటుంది. ఇవన్నీ పాత గ్రాఫిక్స్ డ్రైవర్లలో జరిగిన పొరపాట్ల నుంచి నేర్చుకున్న పాఠాలు. కెర్నెల్ పత్రాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి.

‘మరి ఇంటెల్ వాళ్లు దిద్దుకోలేదా?’ అని ఒక మిత్రుడు అడిగాడు. దిద్దుకున్నారు, కానీ ఎలాగో చూడండి. మొదట పనుల ప్రాధాన్యాన్ని మొత్తం కాంటెక్స్ట్‌కు (ఒక ప్రోగ్రాము తెరుచుకున్న సెషన్‌కు) కట్టారు. తర్వాత అది ఒక్కో జాబుకు ఉండాలని తేలాక, పాత పారామీటర్‌ను ఎవరూ వాడటం లేదని చూసుకొని పక్కన పెట్టగలిగారు. కమాండ్ క్యూలు (పనుల వరుసలు) అవసరమైనప్పుడు మాత్రం పని అప్పగించే పాత సబ్మిట్ ఐఆక్టల్‌ను కదపకుండా దాని పక్కనే కొత్త ఐఆక్టల్‌లు చేర్చారు. ఇప్పుడు రెండు దారులనూ పరీక్షించాలి, రెండింటికీ భద్రతా సవరణలు చేయాలి. ఆ మోత మోసేది ఈ సందేశం రాసినవారా?

రిజిస్టర్ల మ్యాపింగ్ గురించి చదివినప్పుడైతే ఓపిక నశించింది. ఎన్‌పీయూ మెమొరీని తానే డీఎంఏతో (సీపీయూ ప్రమేయం లేకుండా నేరుగా) చదివి, రాసే పరికరం. ఏ చిరునామా నుంచి చదవాలో చెప్పే రిజిస్టర్లను సాధారణ ప్రోగ్రాము చేతికిస్తే, ఐఓఎంఎంయూ (పరికరం ఏ మెమొరీని ముట్టుకోవచ్చో కట్టడి చేసే హార్డ్‌వేర్) లేని బోర్డు మీద ఆ ప్రోగ్రాము కెర్నెల్ మెమొరీని కూడా చదవగలదు. ఐఓఎంఎంయూ ఉన్నా, ఇద్దరు ఒకే పరికరాన్ని వాడుతున్నప్పుడు ఒకరి పని హ్యాంగ్ అయితే రీసెట్ చేసేదెవరు? ఈ భద్రతను దృష్టిలో పెట్టుకొని రూపొందించిన హార్డ్‌వేర్‌లో డోర్‌బెల్ పేజీని (‘కొత్త పని ఉంది’ అని పరికరానికి చెప్పే చిన్న భాగాన్ని) ప్రోగ్రాముకు ఇవ్వడం వేరు, మొత్తం రిజిస్టర్లను తెరిచిపెట్టడం వేరు.

ఓపెన్ సోర్స్ యూజర్‌స్పేస్ నియమంలో చాదస్తమేమీ లేదు. పరికరానికి పంపే ఆదేశాలుండే కమాండ్ బఫర్‌లో ఏముంటుందో, దాన్ని ఎవరు ఎలా తయారు చేస్తారో తెలియకుండా ‘ఈ ఇంటర్‌ఫేస్ సరిపోతుంది’ అని సమీక్షకుడు దేని ఆధారంగా అనాలి? రాక్‌చిప్ ఆర్‌కే3588 ఎన్‌పీయూకు కంపెనీ ఇచ్చినది తన సొంత కెర్నెల్‌కు అతుక్కున్న డ్రైవర్, దానిపై మూసిన లైబ్రరీ. డెవలపర్ టోమ్యూ విజోసో ఆ హార్డ్‌వేర్‌ను బయటి నుంచి శోధించి రాసిన రాకెట్ డ్రైవర్‌లో నాలుగే ఐఆక్టల్‌లు ఉన్నాయి: బఫర్ సృష్టి, పని అప్పగింత, బఫర్‌ను సీపీయూ వాడకానికి సిద్ధం చేయడం, ఆ వాడకాన్ని ముగించడం. వాటిని వాడే కోడ్ మెసాలో (ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ లైబ్రరీలో) అందరి కళ్లముందూ ఉంది కాబట్టే నాలుగు చాలని ఎవరైనా సరిచూసుకోగలరు.

అయితే ఒక ఫిర్యాదు న్యాయమైనదే. ఏఐ చిప్‌లు చేసే హబానా ల్యాబ్స్ డ్రైవర్ 2019లో 5.1తో, ఈ ఓపెన్ సోర్స్ నియమం వర్తించని మిస్క్ (ఇతరాల) విభాగం ద్వారా లోపలికి వచ్చింది. గ్రాఫిక్స్ నిర్వాహకుల అభ్యంతరాలు ముదిరాక, 2021లో గానీ ఆ కంపెనీ తన కంపైలర్ కోడ్‌ను బయటపెట్టలేదు. ఒకరికి తలుపు తీసి మరొకరికి నియమాలు చదివారన్న కోపం అర్థం చేసుకోదగినదే. ఇంటెల్ ఎన్‌పీయూలో నడిచే ఫర్మ్‌వేర్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇప్పటికీ బైనరీ రూపంలోనే వస్తుందన్నదీ నిజమే. ఆ ఫర్మ్‌వేర్ లోపల ఏం జరుగుతుందో ఏ కెర్నెల్ సమీక్షా చూడలేదు. వీటిపై అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి, వాటిని చిప్ కంపెనీలనూ నిర్వాహకులనూ గట్టిగానే అడగాలి. ప్యాడ్ తనిఖీని వదిలేయమని కోరడానికి మాత్రం వీటిలో ఏదీ కారణం కాదు.