మహారాజశ్రీ పాత రేంజ్‌ఫైండర్ కెమెరా తాతగారికి, ఐదుగురు ఓనర్లలో ఒకడు రాయునది

మహారాజశ్రీ రేంజ్‌ఫైండర్ తాతగారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఉభయ అంటే ఇక్కడ నేను కుశలమే, తమరి సెల్ఫ్ టైమర్ మాత్రం కాదు, ఆ లివర్ సగం దాకా వచ్చి ఆగిపోయింది, ఎవరు ముట్టుకున్నారో ఎవరూ ఒప్పుకోవట్లేదు, దాని మీద విడిగా ఇంకో ఉత్తరం రాస్తా. ఈ తమరు, గారు కూడా ఇక్కడితో ఆపేస్తున్నా. ఏడాదిగా నీ చాకిరీ చేస్తున్నాను కాబట్టి నువ్వు అనే హక్కు నాకుంది.

అసలు ఐదుగురం కలిసి ఒక్క ఫిల్మ్ కెమెరా కొనుక్కుందాం, తలా ఒక వారం తిప్పుకుందాం అన్న ఐడియా ఎవరిదో గుర్తులేదు, అంటే నాదే. పాతది, చవకది, మంచిది కావాలి అని రాసుకున్నాం. ఈ మూడూ ఒకే లైన్లో రాసినప్పుడే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఆపాల్సింది, కానీ మా ఐదుగురిలో అంత తెలివైనవాళ్ళు లేరు, ఉంటే డిజిటల్‌తోనే సుఖంగా ఉండేవాళ్ళం కదా.

నిన్ను తెచ్చుకునే ముందు నీ వంశవృక్షం మొత్తం తిరగేశాం తాతా. మా గుంపులో ఓ అన్న ఉన్నాడు, ఏ మాట మొదలుపెట్టినా లైకా అనే ఖరీదైన జర్మన్ కెమెరా దగ్గర తేలుతాడు. 1954లో లైకా ఎం3 వచ్చింది తమ్ముడూ, ఆ తర్వాత మనిషి కొత్తగా కనిపెట్టిందేమీ లేదు అంటాడు. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియే-బ్రెసన్ తన లైకా మెరవకుండా నల్ల టేపు అంటించుకునేవాడట, అది పదిసార్లు చెప్పాడు. అన్నా, మన బడ్జెట్లో ఆ టేపు ఒక్కటే వస్తుంది అని మా అక్క అంది. అన్న ఆ రోజంతా మాట్లాడలేదు, మాకు మాత్రం చాలా పని జరిగింది.

లైకా మోజు ఉండి డబ్బుల్లేనోళ్ళకి ఉండే దారి సోవియట్ దారి. దానికి వకాల్తా మా బావ పుచ్చుకున్నాడు. 1934లో ఖార్కివ్‌లో, దిక్కూమొక్కూ లేని పిల్లల కోసం పెట్టిన కమ్యూన్‌లో లైకా II ని చూసి చూసి అచ్చం అలాంటిదే తయారుచేసి ఎఫ్ఈడీ అని పేరు పెట్టారు, ఆ పేరేమో ఫెలిక్స్ ఎడ్మండోవిచ్ జెర్జిన్‌స్కీ అనే ఆయన ఇనీషియల్స్, ఆయనేమో సోవియట్ సీక్రెట్ పోలీసుకి మొదటి పెద్ద. కెమెరాకి పోలీసాయన పేరేంట్రా నాయనా అనుకున్నా గానీ, ఇప్పుడు చూస్తే మా గుంపుకి సరిగ్గా అలాంటి పేరే కావాల్సింది. దాని తమ్ముడు జోర్కీ కూడా బావకి తెగ నచ్చింది. అంతా బాగానే ఉంది గానీ వాటికో రూలుంది, ముందు ఫిల్మ్ తిప్పి షట్టర్ (వెలుతురు వదిలే తలుపు) ఎక్కించాలి, ఆ తర్వాతే దాని స్పీడు డయల్ ముట్టుకోవాలి, ముందే తిప్పితే లోపల దెబ్బతింటుంది. ఒక్కడి చేతిలో ఉండే కెమెరాకి ఇదో విషయమే కాదు, రెండు రోజుల్లో వేలికి అలవాటైపోతుంది. ఐదుగురు, పది చేతులు, అందులో ఒకడు తలుపు మీద తొయ్యండి అని రాసుంటే లాగే రకం. అక్కడితో కొట్టేశాం. లైకా అని పేరు చెక్కి అమ్మే జోర్కీలు కూడా బోలెడున్నాయంట, అలాంటిదొకటి తెచ్చి అన్న చేతిలో పెట్టి ఊరుకుందాం అన్నాడు బావ. ఇప్పటికీ నాకు అదే బెస్ట్ ప్లాన్ అనిపిస్తుంది.

అక్క యాషికా ఎలక్ట్రో 35 అంది, 1966 నాటిది, ఎఫ్1.7 లెన్సు, అంటే బాగా వెలుతురు పట్టేది, అపెర్చర్ (లెన్సు లోపలి కన్ను ఎంత తెరవాలో) నువ్వు పెడితే స్పీడు అదే చూసుకుంటుంది, వెలుతురు ఎక్కువైతే ఎర్ర లైటు, తక్కువైతే పసుపు లైటు. ముచ్చటగానే ఉంది. కానీ బ్యాటరీ పోతే ఎంత చీకట్లోనైనా సెకనులో 1/500 వంతు తప్ప ఇంకో స్పీడు తెలీదు దానికి. చేతులు మారే కెమెరాకి ఆ బ్యాటరీ ఎవరు కొంటారు? నీ వారంలో పోయింది నువ్వే కొను అంటే నీ వారంలో నీరసపడింది నా వారంలో పోయింది అంటారు. అందరి సొమ్ము అంటే ఎవరి సొమ్మూ కాదు కదా. ఇక 1972లో వచ్చిన క్యానోనెట్ క్యూఎల్17 జీ-త్రీ, దాన్ని పేదవాడి లైకా అని అందరూ పొగిడి పొగిడి పేదవాడికి అందకుండా చేసిపెట్టారు. మినోల్టా హై-మ్యాటిక్ పేరు కుర్రాడు తెచ్చాడు, 1962లో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరుగుతూ దాంతో ఫొటోలు తీశాడు, కాకపోతే దాని మీద అన్‌స్కో ఆటోసెట్ అన్న పేరుండేది. స్పేస్ సూట్ గ్లవ్స్ వేసుకుని తీశాడంట మహానుభావుడు. ఆ ఫొటోలు ఆయనొక్కడే తీశాడు, కెమెరా ఇంకో నలుగురితో పంచుకోలేదు, అది గమనించాలి.

చివరికి మేం తేల్చుకున్నది ఒకటే. మన కెమెరా గొప్పది కానక్కర్లేదు, బ్యాటరీ లేకపోయినా స్పీడూ అపెర్చరూ రెండూ చేత్తో తిప్పుకునేట్టు ఉండాలి, లెన్సు ఊడకూడదు (ఊడితే బావ ఇంకోటి కొంటాడు), ఎవడైనా కింద పడేస్తే స్నేహం చెడిపోనంత చవకగా ఉండాలి. అలా దొరికావు నువ్వు. నీ కంపెనీ పేరు, మోడల్ నంబరు ఇక్కడ రాయను, పెద్దవాళ్ళ పరువు తీయకూడదు.

అమ్మినాయన నీ గురించి రాసింది మాత్రం కావ్యమే. ఆ భాష నేర్చుకోడానికి మాకు మూడు నెలలు పట్టింది తాతా. వయసుకి తగ్గట్టుంది అంటే నడుం పడిపోయింది అని. ఫిల్మ్ వేసి టెస్ట్ చేయలేదు అంటే చేశాడు, రిజల్ట్ చెప్పడం ఇష్టం లేదు అని. లెన్సులో చిన్న మచ్చలున్నాయి, ఫొటోల మీద ప్రభావం ఉండదు అంటే టార్చి వేసి చూడొద్దు అని. మేం వేసి చూశాం. పైన పటారం లోన లొటారం. ముందు గాజు వెనకాల ఓ మూల నుంచి సన్నటి తెల్లటి పోగులు, మర్రి ఊడల్లాగా, మధ్యదాకా పాకేశాయి. చీకట్లో తడిలో లెదర్ కేసులో ఏళ్ళ తరబడి పడుకోబెడితే ఫంగస్ రాక ఏమొస్తుంది పాపం. వెనక తలుపు తీస్తే గాడుల్లో ఉండాల్సిన నల్ల ఫోమ్ తారులాగా కరిగి కుర్రాడి బొటనవేలికి అంటుకుంది, వాడు దాన్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు, ఆ ప్యాంటు ఇప్పటికీ అలాగే ఉంది. పాత గుజ్జంతా స్పిరిట్‌తో గీకి తీసి నల్ల ఊలు దారం కూర్చింది అక్క, వెలుతురు లోపలికి రాకుండా. మేం నలుగురం చుట్టూ నిలబడి సలహాలిచ్చాం.

కానీ నిజం చెప్పాలి, ఆ తలుపు తీసి ఉన్నప్పుడే నీ మీద మనసు పడింది నాకు. స్పీడు 1/4 పెట్టి వెనక నుంచి చూస్తూ నొక్కితే చిన్న రేకులు, పువ్వులాగా, విచ్చుకుని ఒక్క క్షణం వెలుతురు వదిలి మూసుకున్నాయి, క్చ్ అని, అంతే, పక్కన కూర్చున్నవాడికి కూడా వినపడదు. తర్వాత కిటికీలోంచి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూశా. నీ చూసే గాజు మధ్యలో పచ్చటి గడిలో రెండు స్తంభాలు, ఆ రెండూ ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు, రేంజ్‌ఫైండర్ అంటే అదే. రింగు తిప్పుతుంటే ఒక స్తంభం మెల్లగా నడుచుకుంటూ వచ్చి రెండోదాంట్లో కలిసిపోయింది. పూర్తిగా కలవలేదు లే, ఒకటి జుట్టంత పైకుంది, ఇన్ఫినిటీ, అంటే రింగు చిట్టచివరి దూరం, దగ్గర కూడా ఆ ఎత్తు తేడా పోలేదు, అయినా పర్లేదు అనుకున్నా. మెల్లకన్ను ఉన్నంత మాత్రాన మనిషి చెడ్డోడైపోడు కదా.

ఇక నీ బ్యాటరీ. నువ్వు పుట్టినప్పుడు పాదరసం బ్యాటరీలుండేవి, 1.35 ఓల్టులు, చచ్చేదాకా అదే వోల్టేజి, మాట మీద నిలబడే రకం. పాదరసం విషం కాబట్టి వాటిని ఆపేశారు, మంచిపనే చేశారు, కానీ నువ్వు మాత్రం ఆ 1.35 దగ్గరే కూర్చున్నావు. ఇప్పుడు దొరికే 1.5 ఓల్టులది వేస్తే వెలుతురు కొలిచే నీ మీటరు ఎగిరి గంతేసి అబ్బో ఎంత వెలుతురో అంటుంది, ఫొటోలు నల్లగా వస్తాయి. చెవిటి మిషన్లో వేసే జింక్ ఎయిర్ బ్యాటరీ 1.4 ఉంటుంది, దగ్గర దగ్గర సరిపోతుంది అని తెలుసుకుని తెచ్చాం. దాని వెనక స్టిక్కర్ పీకితే గాలి తగిలి ప్రాణమొస్తుంది, ఆ గాలి తగిలే కొన్ని వారాలకి ప్రాణం పోతుంది కూడా, వాడినా వాడకపోయినా. ఐదు వారాలు తిరిగే కెమెరాలో ఎవరి వారంలో పోతుందో చెప్పక్కర్లేదనుకుంటా. పోయింది. మాన్యువల్లో తీసుకుందాంలే, ఎండుంటే అపెర్చర్ ఎఫ్16 పెట్టి స్పీడు ఫిల్మ్ ఏఎస్ఏకి (ఫిల్మ్‌కి వెలుతురు పట్టే శక్తి నంబరు) దగ్గర్లో పెడితే చాలు అనుకున్నాం.

ఇక్కడే ఉంది అసలు కిటుకు. ఆటోలో ఉన్నంతసేపు నువ్వు పెద్దమనిషివి. మీటరు కన్ను లెన్సు రింగులోనే ఉంది కాబట్టి లెన్సు క్యాప్ తీయడం మర్చిపోతే చీకటి చీకటి అని బిగుసుకుపోయి బటన్ నొక్కనివ్వవు. మాన్యువల్లో పెట్టగానే నీకేం పట్టదు. చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. క్యాప్ ఉన్నా కిటికీలో లోకమంతా కళకళలాడుతూనే ఉంటుంది, ఫోకస్ కుదురుతూనే ఉంటుంది, క్చ్ అంటూనే ఉంటావు.

మొదటి రోలు కడిగించి తెచ్చిన రోజు గుర్తుందా నీకు? ముప్పై ఆరు ఫ్రేములు, తలా ఏడు, మిగిలిన ఒక్కటి అన్నకి, పెద్దవాడని. బావది మొదటి వంతు, అక్కది రెండు, నాది మూడు, కుర్రాడిది నాలుగు, ఆఖరున అన్న. నెగెటివ్ లైటుకి పెట్టి చూస్తే పదిహేను నుంచి ఇరవై ఐదు దాకా పదకొండు ఫ్రేములు అద్దంలాగా ఖాళీ, అంచున నంబర్లు తప్ప గీత లేదు. ఇరవై ఆరోది మాత్రం, ఏం ఫొటో తాతా అది! బస్సు కిటికీ అద్దం మీద వాన చినుకులు, వెనక ఆవలిస్తున్న పిల్ల, ఫోకస్ సరిగ్గా కనురెప్ప మీద కూర్చుంది, ఫంగస్ పుణ్యమా అని చుట్టూ ఓ మసక వెలుగు. ఆ ఒక్క ఫొటోకి ముగ్గురు తండ్రులు లేచారు, ఖాళీ పదకొండుకీ దిక్కులేదు. డిజిటల్ అయితే ఏ రోజు ఏ గంటకి ఏ స్పీడులో తీశారో అన్నీ ఫైల్లో రాసుంటాయి, తగువు నిమిషంలో తేలిపోయేది. నువ్వేమో ఏదీ రాసిపెట్టుకోవు. అందుకనే అక్క ముందుచూపుతో సంచిలో ఓ చిన్న నోటుబుక్కు పెట్టింది, కెమెరా చేతులు మారినప్పుడల్లా ఎన్నో ఫొటోనో చూపే కౌంటర్లో ఎంతుందో రాసి సంతకం పెట్టమని. తీసి చూస్తే మూడో వంతు నాలుగో వంతు రాసిన పేజీ చిరిగిపోయి ఉంది. సంచిలో పడి నలిగి ఊడిపోయుంటుంది అన్నాను నేను.

కోటా లెక్క ప్రకారం పదిహేను నుంచి ఇరవై ఒకటి నావి, ఇరవై రెండు నుంచి కుర్రాడివి, అంటే క్యాప్ గొడవలో ఇద్దరం ఉన్నట్టే. కానీ నేను పదేళ్ళ నుంచి కెమెరా పట్టినవాణ్ణి, వాడేమో ఫిల్మ్ చుట్ట కంటితో చూడటమే మొదటిసారి. ఎవడు ఏ ఫ్రేము తీశాడో ఎవడికి తెలుసు, వాడే క్యాప్ మర్చిపోయుంటాడు అని బావ తేల్చేశాడు, అన్న లైకాలో అయితేనా అని మొదలుపెట్టాడు, లైకాలో కూడా ఇదే జరుగుతుంది అన్నా అని ఎవరూ చెప్పలేదు. ఇరవై ఆరోది నేనే తీశా అని కుర్రాడు రెండుసార్లు అన్నాడు. పదకొండు ఖాళీగా తీసినోడు పన్నెండోది ఇట్లా తీస్తాడా అని నవ్వారు. నేను కూడా నవ్వా. అది ఇప్పుడు ఫ్రేమ్ కట్టించి మా గోడకుంది.

తాతా, ఆ పేజీ నా సొరుగులో ఉంది. కౌంటర్ ఇరవై ఐదు అని నా చేతిరాతే. ఏడు తియ్యాల్సినవాణ్ణి పదకొండు తీసి ఇచ్చాను, ఎవరూ చూడరులే అనుకుని. ఇచ్చిన రోజు రాత్రి వాడు ఫోన్ చేశాడు, అన్నా లెన్సుకి క్యాప్ ఉంది, నువ్వే పెట్టి ఇచ్చావా అని. ఒక్క క్షణం నా గుండె నీ షట్టర్లాగే క్చ్ అంది. అవున్రా, గీతలు పడకుండా జాగ్రత్త కోసం పెట్టా అన్నాను. వాడు థాంక్స్ కూడా చెప్పాడు.

రేపు మళ్ళీ వాడి వంతు. కౌంటర్లో పందొమ్మిది ఉంది, బుక్కులో పందొమ్మిదే రాశా. బ్యాటరీ కొత్తది వేశా, స్టిక్కర్ పీకి గాలికి పెట్టాకే వేశా. క్యాప్ సంచిలోనే విడిగా పెట్టి పంపిస్తున్నా. ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు నువ్వు, ఇంకో వారం ఓర్చుకో.

ఇట్లు,
నీలో ఐదో వంతు హక్కుదారుడు

తా.క. ఆ సెల్ఫ్ టైమర్ కూడా నేనే.