సైట్‌మ్యాప్ పెట్టినంత మాత్రాన ర్యాంకు రాదు

"సైట్‌మ్యాప్ సబ్మిట్ చేసేశాం సార్, ఇక ర్యాంకు పెరుగుతుంది." సైట్‌మ్యాప్ అంటే సైట్‌లోని పేజీల చిరునామాలు రాసి సెర్చ్ ఇంజన్‌కి ఇచ్చే ఫైలు; ర్యాంకు అంటే సెర్చ్ ఫలితాల్లో సైట్ వచ్చే స్థానం. వెబ్‌సైట్ పనులు చేసేవాళ్ళు ఈ మాట అన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. తెలియక అంటే సర్దుకోవచ్చు. తెలిసి కూడా దాన్నే నెలవారీ ప్యాకేజీగా అమ్ముతున్నారు.

ఈ మధ్య ఒక సంస్థవాళ్ళు తమ వెబ్‌సైట్ సరిచేయమని అడిగారు. సైట్‌మ్యాప్ చూసుకోవడానికి వేరేవాళ్ళకి అప్పటికే నెలనెలా డబ్బు కడుతున్నారు. ఆ ఫైలు తెరిచి చూశాను. ఎప్పుడో తీసేసి 404 (పేజీ లేదు) అని చూపిస్తున్న పేజీలు, ఇంకో చిరునామాకి మళ్ళించినవి, నోఇండెక్స్ (సెర్చ్‌లో చూపించొద్దనే గుర్తు) పెట్టినవి, అన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్క అక్షరం మారకపోయినా ప్రతి పేజీకీ లాస్ట్‌మాడ్, అంటే చివరిసారి మార్చిన తేదీ, ఆ రోజుదే! ఆ తేదీ నిజమైనదని తేలితేనే వాడుకుంటామని గూగుల్ చెబుతూనే ఉంది. రోజూ అబద్ధపు తేదీ వేస్తే, నిజంగా పేజీ మార్చిన రోజున ఎవరు నమ్ముతారు? అన్ని పేజీలకీ ప్రయారిటీ (ఏ పేజీ ఎంత ముఖ్యమో చెప్పే అంకె) అన్నిటికన్నా ఎక్కువైన 1.0 అని కూడా పెట్టారు. గూగుల్ ఆ విలువని అసలు చూడనే చూడదు.

సైట్‌మ్యాప్ పనికిరానిదని నేను అనడం లేదు. 2005లో గూగుల్ మొదలుపెట్టిన ఈ పద్ధతికి 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా కలిశాయి. మా సైట్‌లో ఈ పేజీలు ఉన్నాయని క్రాలర్‌కి, అంటే పేజీలు తిరిగి చదివే సెర్చ్ ఇంజన్ ప్రోగ్రాంకి, చెప్పే జాబితా అది. ఒక ఫైల్లో 50,000 చిరునామాల దాకా పెట్టొచ్చు. బయటినుంచి లింకులు పెద్దగా లేని కొత్త సైట్‌కీ, వేల పేజీలున్న సైట్‌కీ అది చాలా ఉపయోగం. కానీ చదవాలా, ఇండెక్స్‌లో (ఫలితాలు వెతికే జాబితాలో) చేర్చాలా అన్నది సెర్చ్ ఇంజన్ ఇష్టం. సుమారు 500 పేజీల లోపు ఉండి, లోపలి లింకులు సరిగ్గా ఉన్న సైట్‌కి అది లేకపోయినా నడుస్తుందని గూగులే అంటోంది.

అసలు జబ్బు వేరే చోట ఉంది. ఆ సంస్థకి అన్నిటికన్నా ముఖ్యమైనది దరఖాస్తు పేజీ. దానికి సైట్‌లో ఎక్కడా లింకు లేదు. మెనూలో లేదు, హోమ్ పేజీలో లేదు, ఒక్క ఆ సైట్‌మ్యాప్ ఫైల్లో మాత్రం ఉంది. మన సైట్‌లో మనమే ఒక్క లింకు కూడా ఇవ్వని పేజీ ముఖ్యమైనదని గూగుల్‌కి ఎలా తెలుస్తుంది? అంతకన్నా ముందు, అక్కడికి రావాల్సిన మనిషి ఎలా వస్తాడు?

మెనూలో లింకు పెట్టాం, సంబంధమున్న పేజీల నుంచి దారి ఇచ్చాం, పైన బ్రెడ్‌క్రంబ్స్ (హోమ్ పేజీ నుంచి ఈ పేజీ దాకా దారి చూపే లింకులు) చేర్చాం. తర్వాత మనుషులు చదవగలిగే సైట్‌మ్యాప్ పేజీ ఒకటి తయారుచేశాం. ఈ రోజుల్లో దాన్ని అందరూ పాతకాలపు వస్తువులా పక్కన పడేస్తున్నారు. నాకది నిజంగా బాధగా ఉంటుంది. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళకి పొరలు పొరలుగా తెరుచుకునే మెనూ ఎంత నరకమో ఒకసారి పక్కన కూర్చుని చూడండి. ఒక పేజీని చేరడానికి ఒకటికి మించి దారులు ఉండాలని, వైకల్యం ఉన్నవాళ్ళకీ వెబ్‌సైట్లు అందేలా చూసే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు చెబుతున్నాయి, అందుకు అవి చూపే పద్ధతుల్లో సైట్‌మ్యాప్ కూడా ఒకటి. అలాగని వెయ్యి లింకులు ఒకే చోట కుమ్మరిస్తే కాదు. "సొల్యూషన్స్", "రిసోర్సెస్" లాంటి శీర్షికలు వద్దు. వచ్చినవాళ్ళు ఏ మాటతో వెతుకుతారో ఆ మాటే రాయాలి. మేము "దరఖాస్తు ఎలా చేయాలి" అనే రాశాం. ఫారం ఎక్కడుందని అడిగే ఫోన్లు ఆ తర్వాత బాగా తగ్గాయని అక్కడివాళ్ళే చెప్పారు.

మీరూ ఇలాంటి ప్యాకేజీకి డబ్బు కడుతుంటే, వచ్చే బిల్లు కట్టేముందు ఆ ఫైలు మీరే తెరవండి. అందులోంచి ఓ పది చిరునామాలు నొక్కి చూడండి. తర్వాత హోమ్ పేజీకి వెళ్ళి, సెర్చ్ బాక్స్ ముట్టుకోకుండా ఆ పది పేజీలకీ చేరుకోగలరేమో చూడండి. ఏ పేజీకి దారి దొరకలేదో రాసుకుని, వాళ్ళకి ఫోన్ చేసి ముందు దాని గురించి అడగండి.