గుల్లలకూ ఓ లెక్క ఉండాలి

గుల్ల నూరేళ్లు దాటి బతుకుతుందంటే నమ్మబుద్ధి కాదు. అమెరికా పసిఫిక్ తీరంలో వాషింగ్టన్ రాష్ట్రంలో దొరికే జియోడక్ అలాగే బతుకుతుంది. దాదాపు కిలో తూగే ఈ గుల్ల మీటరు లోతున ఇసుకలో కూరుకుని, పొడవాటి మెడ పైకి చాచి, నీళ్లు పీల్చి అందులోని నాచును వడకట్టుకుని తింటుంది. ఆ మెడ చిప్పలో పట్టదు. ఎదిగాక మళ్లీ ఇసుకలోకి తవ్వుకుని దిగే శక్తీ ఉండదు కాబట్టి ఒకసారి పైకి లాగితే అంతే. డైవర్లు అడుగుకు దిగి, పైపుతో నీళ్లు చిమ్మి ఇసుక వదులు చేసి, ఒక్కొక్కదాన్నే లాగుతారు. చైనాలో గిరాకీ విపరీతం. అయినా ఏడాదికి నిల్వలో 2.7 శాతానికి మించి తీయనివ్వరు. తీరం గుల్లల్లో సగం వాటా అక్కడి ఆదివాసీ తెగలదని 1994లోనే కోర్టు తేల్చింది.

మన దగ్గర జియోడక్ లేదు. కానీ ఉత్తరాంధ్రలో నదులు సముద్రంలో కలిసే కళింగపట్నం, కళ్లేపల్లి, కోనాడ లాంటి చోట్ల బురద నేలలున్నాయి, వాటిలో గుల్లలున్నాయి. సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ మోకాలి లోతు బురదలో నడుస్తూ, అరికాలికి గట్టిగా తగిలినచోట వంగి, చేత్తో తవ్వి బుట్టలో వేసుకునే ఆడవాళ్లున్నారు. మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదికి వలసపోయిన ఇళ్లలో ఆ బుట్ట ఎంత ఆసరాయో చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధం, దానికిచ్చే భృతి రెండూ పడవల చుట్టూ తిరిగేవే. చేత్తో ఏరుకునే మనిషి ఆ లెక్కలోకే రాదు.

రేపు ఏ వ్యాపారో లారీ తెచ్చి, సున్నానికో ఎగుమతికో చిన్నాపెద్దా తేడా లేకుండా కొంటానంటే అడ్డుకునేదెవరు? గుడ్లు పెట్టే వయసు రాకముందే తీసేస్తే మరుసటి ఏడాదికి విత్తనం మిగలదు. కేరళలోని అష్టముడి సరస్సులో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గుల్లల వేట ఆపుతారు, పిల్ల గుల్లలను తీయనివ్వరు. 2014లో ఆ వేటకు, నిల్వ తరగకుండా సాగుతోందని అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, దేశంలో అలాంటి గుర్తింపు అదే మొదటిది.

మత్స్యశాఖ విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రాన్ని వెంటబెట్టుకుని ముందు నిల్వలు లెక్కగట్టాలి. ఎంత సైజు దాటాక తీయాలో, ఏ నెలల్లో ఆపాలో ఏరే ఆడవాళ్లను కూర్చోబెట్టి తేల్చాలి. ఆపిన నెలలకు వాళ్లకూ భృతి ఇవ్వాలి. మూలపేట పోర్టు కోసం తవ్వే ఒండ్రు ఎక్కడ పోస్తున్నారో కూడా ఆ సర్వేలోనే చూడాలి, బురద కమ్మితే గుల్లకు ఊపిరాడదు. తీసే హక్కు పత్రాలిచ్చే రోజు వస్తే, మొదటివి వ్యాపారులకు కాదు, ఆ ఆడవాళ్ల పేరునే రాయాలి.