నీరు పల్లమెరుగు

గోదావరి మా ఇంటికి పది నిమిషాల నడక. అంత నదిని పక్కన పెట్టుకుని పెరట్లో గుంట తవ్వించుకున్నవాడు ఊరు మొత్తానికి నేనొక్కడినే అని మా ఆవిడ అభిప్రాయం. దాన్ని ఆవిడ ఇప్పటికీ గుంట అనే అంటుంది. నేను కొలను అంటాను. మా అమ్మ ఏమీ అనదు. అటు వెళ్ళేటప్పుడు చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుంటుంది.

మామిడి అంటు కొందామని కడియం వెళ్ళడం నా మొదటి తప్పు. అక్కడ ఒక సిమెంటు తొట్టిలో ఊదారంగు కలువ విచ్చుకుని ఉంది. మామిడి అంటు అక్కడే ఉండిపోయింది, కలువ దుంప మా ఇంటికి వచ్చింది. దాని కోసం ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతున కొలను వెలిసింది. లెక్కకు 1,350 లీటర్ల నీళ్ళు. మధ్యలో నీళ్ళు చిమ్మే 18 వాట్ల బుల్లి మోటారు. సాయంత్రం పడక కుర్చీలో వాలి, కాఫీ తాగుతూ ఆ నీటి చప్పుడు వినాలని నా ఊహ. చల్లగా ఉంటుందని వేపచెట్టు కింద తవ్వించాను.

వేప గాలి మంచిదని, పుల్ల పళ్ళకు మంచిదని మాత్రమే అప్పటిదాకా నాకు తెలుసు. అది ఏడాదికి మూడు పంటలు రాల్చే చెట్టని తెలియదు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు, చైత్రంలో పువ్వు, జ్యేష్ఠం దాటాక పండు. ఆ పండు తినడానికి వచ్చే కాకులు ఉత్త చేతులతో రావు.

వేపాకు నీళ్ళ మీద పడగానే మునగదు. రెండు రోజులు తేలుతూ మనకు గడువిస్తుంది. ఆలోగా తీశామా సరేసరి, లేదంటే మెల్లగా అడుగుకు చేరి, అక్కడ గాలి అందక కుళ్ళి, నల్లటి మడ్డి అవుతుంది. పైన నీరు పలచటి డికాక్షను రంగుకు తిరుగుతుంది. ఎండ తగిలిన మూలన పాచి కడుతుంది. ఈ మడ్డిని పీల్చి పీల్చి మా మోటారు స్పాంజి మూసుకుపోయింది. మొదటి రోజు రెండడుగులు ఎగిరిన ధార మూడో వారానికి జానెడైంది. ఆ తరవాత ఎగరడమే మానేసి, తెల్లవారుజామున మా మామగారు పుక్కిలిస్తున్నట్టు గుడగుడమనడం మొదలుపెట్టింది. ఆ పోలిక మా ఆవిడ దగ్గర పైకి అన్నాను. తరవాత రెండు రోజులు ఇంట్లో ఆ మోటారు ఒక్కటే మాట్లాడింది.

తేలే ఆకులు తీయడానికి కర్రకు బిగించిన చిన్న వలలు అమ్ముతారు. నాకు కొనే పని లేకుండా వంటింట్లోనే దొరికింది: బూరెలు తీసే చిల్లుల గరిటె. పాత కర్టెన్ కడ్డీకి పురికొసతో కట్టాను. ఆకు పైకి, నీరు కిందికి. బూరెలకూ నూనెకూ చెల్లిన సూత్రమే. నిజం చెప్పాలంటే అంత మంచి పనిముట్టు ఇప్పటికీ నాకు మళ్ళీ దొరకలేదు. మూడో రోజున ముడి కడ్డీ మీంచి జారింది. గరిటె బుడుంగుమంది. కడ్డీని తుడిచి అటక మీద పెట్టేసి, నేను పేపరు చదువుకున్నాను.

ఇది సంక్రాంతి వెళ్ళిన వారంలో. దానికి రెండు రోజుల ముందే మా పిన్ని పండగ ముగించుకుని, అరిసెలూ జంతికలూ మూట కట్టుకుని వెళ్ళింది. గరిటె కోసం అమ్మ ఇల్లంతా వెతికింది. చివరికి, “మా చెల్లెలికి చిన్నప్పటి నుంచీ ఆ గుణం ఉంది” అంది. పేపరు కొంచెం పైకెత్తుకున్నాను. ఆ తరవాత రెండు నెలలు అక్కచెల్లెళ్ళ ఫోన్లు పొడిపొడిగా నడిచాయి.

దోమల బెడద అంటూ ఇంట్లో గొడవ మొదలయ్యేసరికి ఒక మిత్రుడు డబ్బాలో ఎనిమిది గంబూసియా చేపలు తెచ్చి ఇచ్చాడు. దోమ పిల్లల్ని తింటాయని 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చిన రకం. ఇవి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. ఆ విషయంలో వాటికి ఆలస్యమంటే గిట్టదు. ఉగాది దగ్గరపడేసరికి నేను లెక్కపెట్టడం మానేశాను.

పండగ ముందు ఆదివారం కొలను ఖాళీ చేయడానికి ముహూర్తం పెట్టుకున్నాను. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, పట్టి ఒక రోజు ఉంచకుండా చేపలను వదలకూడదు. అందుకని కొలను నీళ్ళనే గంగాళంలోకి తోడి చేపలను అందులోకి మార్చాను. అంతవరకు శాస్త్రీయంగానే జరిగింది. నీళ్ళు తోడటానికి పెద్ద మోటారు అద్దెకు తేవడం దండగనిపించింది. కుర్రతనంలో స్కూటర్లోంచి పెట్రోలు తీసిన అనుభవం ఉండనే ఉంది. పైపు ఒక కొస కొలనులో ముంచి, రెండోది గోడ కింది తూములోంచి బయటకు తీసి, వీధి కాలువ పక్కన గొంతుక్కూర్చుని గట్టిగా పీల్చాను.

కుళ్ళిన కోడిగుడ్డు వాసన అంటారు గానీ, అది కోడికి అవమానం. నోట్లోది ఉమ్మేసి, కొసను కాలువ నీళ్ళలోకి తోసి, లోపలికి పరిగెత్తాను. ఉప్పునీళ్ళతో నాలుగుసార్లు పుక్కిలించాను, అచ్చం మా మామగారిలాగే. మా ఆవిడ విని కూడా ఊరుకుంది. పైపు తన పని తాను చేసుకుంటుందన్న నిశ్చింతతో కాఫీ తాగి, అరగంట తరవాత పెరట్లోకి వెళ్ళాను.

కొలనులో నీళ్ళు తగ్గలేదు. నాలుగు వేళ్ళ ఎత్తు పెరిగాయి. పైన సబ్బు నురగ. కలువాకు అంచున నాలుగు అన్నం మెతుకులు. మా ఇంట్లో అప్పటికింకా ఎసరు కూడా పెట్టలేదు.

“నీరు పల్లమెరుగు అన్నారు” అని గోడ మీంచి మాట వినిపించింది. పక్కింటి మాస్టారు రిటైరై పదేళ్ళయింది, ఫిజిక్స్ మాత్రం ఇంకా రిటైరు కాలేదు. మా తాత ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్ళం. రోడ్డు మీద రోడ్డు, కాలువ మీద కాలువ లేచి, ఇప్పుడు రెండు మెట్లు దిగి వస్తున్నాం. అంటే వీధి కాలువ ఎత్తు, నా కొలను పల్లం. నేను పీల్చి దారి చూపించాను, వీధి అంతా వచ్చి చేరింది.

“మరి ముందే చెప్పలేదేం మాస్టారూ?”

“మీరు కావాలనే చేస్తున్నారనుకున్నాను. గోదావరి పక్కన గుంట తవ్వించినవారు కదా.”

ఆయన కూడా గుంట అనే అన్నారు.

ఇక బకెట్లే గతి. సాయంత్రం దాకా తోడి పోశాను. అడుగున జానెడు మందాన నల్లటి మడ్డి, నెయ్యి పేరినట్టు నున్నగా. మామూలుగా అయితే దాన్ని మల్లెపాదుకు వేసుకోవచ్చు. “వట్టి వేపాకు మడ్డి అయితే నేనే అడిగేదాన్ని. వీధి కాలువ కలిపి తెచ్చావు కదరా. నా కరివేపాకు చెట్టు ఛాయలకు తీసుకొచ్చావంటే ఊరుకోను” అంది అమ్మ. ప్రహరీ మూలన గొయ్యి తీసి పూడ్చక తప్పలేదు. మా ఆవిడ వచ్చి చూసి, “ఇప్పుడు రెండు” అని వెళ్ళిపోయింది.

చివరి బకెట్లో పార ఠంగుమంది. పార నాది, చెవులు అమ్మవి. ఆవిడే వంగి తీసింది. కుళాయి కింద పట్టి కడిగితే గరిటె మెరిసింది. పిడికి పురికొస ముడి ఇంకా బిగిసే ఉంది. అమ్మ ఆ ముడిని చూసింది, నన్ను చూసింది, అటక వైపు చూసింది. తరవాత చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది.

“ఏమే, బాగున్నావా? ఏమీ లేదు, ఊరికే చేశాను. ఉగాదికి రారాదూ, బూరెలు చేస్తాను... గరిటా? ఆ, ఉందిలే. ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే ఉంది.”