సాక్ష్యం: మందిరంలో ఒకటి, కోర్టులో మరొకటి

తెలుగు క్రైస్తవ సంఘాల్లో ‘సాక్ష్యం’ అనే మాట వినబడని ఆదివారం ఉండదు. ఆరాధన మధ్యలో ఒక తల్లి లేచి, కొంగు తలమీదికి సర్దుకుని, మైకు అందుకుని, బిడ్డకు జ్వరం ఎలా తగ్గిందో, ఆగిపోయిన ఇంటికి స్లాబు ఎలా పడిందో చెబుతుంది. సంఘమంతా ‘స్తోత్రం’ అంటుంది. అదే మాట కోర్టు సమన్ల రూపంలో వస్తే అదే సంఘం తల దించుకుంటుంది. దేవుని న్యాయంలో నేటి క్రైస్తవుడు ఎలా పాలుపంచుకోగలడన్న ప్రశ్నకు జవాబును ఈ రెండు సాక్ష్యాల మధ్య ఉన్న దూరంలోనే వెతకాలని నా అభిప్రాయం.

మన ప్రసంగాల్లో దేవుని న్యాయం అంటే ఎక్కువగా తీర్పు దినమే. పగ తీర్చడం ప్రభువు పని అని తొలినాటి బోధకుడు పౌలు రోమా సంఘానికి రాసిన మాట ఎత్తిచూపి, అన్యాయానికి గురైనవాళ్లను ‘కోర్టులెందుకు, ప్రార్థన చేయండి’ అని ఇంటికి పంపే సంఘ కాపరులు తక్కువేమీ కాదు. అయితే ఆ పౌలే ఫిలిప్పీ పట్టణంలో ఏం చేశాడో బైబిల్లోని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉంది. విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించి, చెరసాలలో కాళ్లకు బొండ (కదలనివ్వని కొయ్య) వేయించిన న్యాయాధిపతులు తెల్లవారగానే బంటులను పంపి, గుట్టుగా వెళ్లిపొమ్మన్నారు. ఆయన కదల్లేదు. రోమా పౌరులమైన మమ్మల్ని అందరి ఎదుటా కొట్టించి ఇప్పుడు చాటుగా పంపుతారా, వాళ్లే వచ్చి బయటికి తీసుకుపోవాలన్నాడు. పగ వదులుకున్న మనిషి హక్కును వదులుకోలేదు. ఈ తేడాను మన సంఘాలకు ఎవరూ సరిగ్గా బోధించలేదు.

పాత నిబంధన ఇంకా సూటిగా మాట్లాడుతుంది. చూసిన సంగతిని, తెలిసిన సంగతిని చెప్పకుండా దాచినవాడు దోషశిక్ష భరించాలని లేవీయకాండం 5వ అధ్యాయం మొదటి వచనంలోనే అంటుంది. అంటే మౌనం కూడా పాపాల జాబితాలో ఉంది. నిర్గమకాండం 23వ అధ్యాయం మరో హెచ్చరిక చేస్తుంది: గుంపుతో కలిసి న్యాయాన్ని తప్పించకూడదు, బీదవాడని చెప్పి వ్యాజ్యంలో పక్షపాతం చూపనూకూడదు. కాబట్టి దేవుని న్యాయంలో పాలుపొందడమంటే ఒక వర్గం తరఫున గొంతు చించుకోవడం కాదు; ఉన్నది ఉన్నట్టు చెప్పడం, ఆ చెప్పినందుకు వచ్చే నష్టాన్ని భరించడం.

ఆ నష్టం ఎంతో చుండూరు చెబుతుంది. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. బాధితులు పట్టుబట్టి సాధించుకున్న ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే విచారణ జరిపింది. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు, ప్రాసిక్యూషన్ నేరాన్ని నిరూపించలేకపోయిందంటూ ఆ శిక్షలను రద్దు చేసింది. కొడుకులను, భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు అన్నేళ్లపాటు వాయిదాల చుట్టూ తిరిగారు. అన్యాయపు న్యాయాధిపతి గుమ్మం విడవని విధవరాలి గురించి యేసు చెప్పిన ఉపమానాన్ని మనం విసుగక ప్రార్థించడానికి ఉదాహరణగా చెప్పుకుంటాం, అది సరైనదే. కానీ ఆమె అడిగింది స్వస్థత కాదని, ప్రతివాదితో తనకున్న తగవులో న్యాయం తీర్చమని అడిగిందని గుర్తుచేసేవాళ్లు అరుదు.

సాక్షులు వెనక్కి తగ్గడాన్ని పిరికితనంగా చూడడం తేలిక. ఎవరి పొలంలో కూలికి వెళ్తారో ఆ ఆసామికే వ్యతిరేకంగా బోనెక్కాలి. వాయిదాకు వెళ్లిన ప్రతిరోజూ కూలి పోతుంది. ఇక్కడే సంఘానికి పని ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నియమాల ప్రకారం బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చులు, దినభత్యం ప్రభుత్వమే ఇవ్వాలి. ఆ సంగతి ఆదివారం ప్రకటనల్లో చదవడానికి రెండు నిమిషాలు చాలు. ఆ డబ్బు చేతికందేదాకా పోయిన కూలిని కానుక పెట్టెలోంచి ఇవ్వవచ్చు. వాయిదా రోజున పదిమంది పెద్దలు కోర్టు బయట కూర్చోవచ్చు. ఇది తెలుగు సంఘానికి కొత్త కాదు. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు పని, కూలి ఇప్పించాడు. అన్నం కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు పనుల కాలంలో బాప్తిస్మాలు ఆపాడు. మళ్లీ బాప్తిస్మాలు మొదలయ్యాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇప్పుడు చట్టం దగ్గరే మరో చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవం స్వీకరించిన వ్యక్తి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. దీనితో ఒక విశ్వాసి కుల సర్టిఫికెట్‌లో ఒక మాట, మందిరంలో మరో మాట చెబుతూ బతకవలసి వస్తోంది. నిజం చెప్పడమే న్యాయమని బోధించే సంఘం ఈ ఉత్తర్వు మార్పు కోసం బహిరంగంగా అడగకుండా, ఆ విశ్వాసిని మాత్రం నిజాయితీ గురించి నిలదీస్తే అది న్యాయం కాదు.

అయితే ప్రభుత్వాన్ని అడిగే గొంతుకు బలం లోపలి నుంచి రావాలి. క్రీస్తులో భేదం లేదని పాడుకుంటూనే మాలపల్లెకొక చర్చి, మాదిగపల్లెకొక చర్చి కట్టుకున్నాం. పెళ్లి సంబంధం దగ్గర రక్షణ అనుభవం (విశ్వాసంలోకి వచ్చిన తీరు) ఎంత అడుగుతామో కులం అంతకన్నా ముందే అడుగుతాం. మిషన్ కాలం నాటి స్థలాలు చేతులు మారుతున్నప్పుడు లెక్క అడిగినవాడిని ఆత్మీయత లేనివాడంటాం. జ్వరం తగ్గిన సంగతి చెప్పడానికి వారం వారం మైకు అందుకునేవాళ్లలో, ఈ మూడింటిలో ఒక్కదాని గురించి సాక్ష్యం చెప్పినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.