సాంబారు అడగకూడని చోట

బెంగళూరు శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్ దగ్గర సాంబారు అడగని తెలుగువాడిని నేను ఇంతవరకు చూడలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అడిగాను. లోపలి మనిషి విసుక్కోలేదు, నవ్వలేదు. ఇంకో గరిటె చట్నీ పోసి ఊరుకున్నాడు. 1965 నుంచి నడుస్తున్న ఆ చిన్న కొట్టులో ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, కాఫీ, ఇంచుమించు అంతే. ఖారాబాత్ అంటే మన ఉప్మాకు మసాలా పొడి తగిలించిన రూపం. పక్కన కొబ్బరి చట్నీ, అడిగినన్నిసార్లు. సాంబారు మాత్రం ఆ ఇంటావంటా లేదు. ఆగి ఉన్న స్కూటరు సీటు మీద ప్లేటు పెట్టుకుని తినే పెద్దమనుషులు అక్కడ రోజూ పొద్దున్నే కనిపిస్తారు.

బెంగళూరులో తినడానికి, తాగడానికి, స్నేహితులతో సరదాగా గడపడానికి ప్రత్యేకమైన చోట్లు ఏవని అడిగితే ఎవరైనా ముందు ఫోనులో ఫొటోలు చూపిస్తారు. వేలాడే దీపాలు, గోడకు బిగించిన పాత సైకిలు, కప్పు నుంచి తలకిందులుగా వేలాడే గొడుగులు. పదహారేళ్లుగా ఈ ఊళ్లో తిని తిరుగుతున్నవాడిగా నా లెక్క వేరు. అలంకరణను ఎవరైనా కొనుక్కోవచ్చు. ఒక చోటుకు సొంత ముఖం వచ్చేది అది మన ముందు పెట్టే నియమం వల్ల. ఆ నియమం కూడా వంటింట్లో పుట్టినదై ఉండాలి.

గాంధీ బజారులోని విద్యార్థి భవన్ 1943 నాటిది. శుక్రవారం సెలవు. దోసె ఎప్పుడు వస్తుందో మీరు నిర్ణయించలేరు, పెనం నిర్ణయిస్తుంది. ఒక వాయి కాలి, ఇంకో వాయి పోసేదాకా హాలంతా ఎదురుచూడాలి. అప్పుడు పంచె కట్టిన సర్వర్ ఒక చేతి మీద అంతస్తులుగా పేర్చిన దోసె ప్లేట్లతో వస్తాడు. ఎదుటి కుర్చీలో ముక్కూముఖం తెలియని మనిషి కూర్చుని ఉంటాడు. అతనికీ మీకూ ఒకే వాయి దోసె. ఫొటోలు తీసేవాళ్లకు ఆ ప్లేట్ల అంతస్తు వేడుకగా తోస్తుంది గానీ, అది పెద్ద పెనం, ఇరుకు హాలు కలిసి పుట్టించిన పద్ధతి.

లాల్‌బాగ్ దగ్గరి మావళ్లి టిఫిన్ రూమ్స్ కథ కూడా ఇలాంటిదే. 1924లో మొదలైన ఆ హోటలు, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బియ్యం కరవై రవ్వతో ఇడ్లీ వేశామని చెప్పుకుంటుంది. ఎమర్జెన్సీలో హోటళ్ల ధరలకు ప్రభుత్వం కళ్లెం వేస్తే, అంత తక్కువ ధరకు తన పద్ధతిలో వండడం కష్టమై ఆ సంస్థ పొడులు, మిక్స్‌ల వ్యాపారం వైపు మళ్లింది. ఇవాళ మన పిల్లలు అమెరికా పెట్టెల్లో సర్దుకుపోయే ఇడ్లీ మిక్స్ పొట్లం వెనక ఒక ధరల ఉత్తర్వు ఉంది.

ఇక దర్శినులు. 1983లో జయనగర్‌లో కెఫె దర్శినితో మొదలైన ఈ పద్ధతిని ఊరంతా అందిపుచ్చుకుంది. ముందు డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి, కౌంటర్ దగ్గర ప్లేటు అందుకోవాలి, ఛాతీ ఎత్తు బల్ల దగ్గర నిలబడి తినాలి. వడ్డించేవాళ్ల జీతం లేదు, కుర్చీలకు స్థలం అక్కర్లేదు, అందుకే ధర తక్కువ. కడప నుంచి వచ్చిన మా చిన్నాన్నను ఒకసారి తీసుకెళ్లాను. "ఏమిరా, ఇంత దూరం రప్పించి నిలబెట్టి తినిపిస్తావా?" అన్నారు. తిరిగి వెళ్లేలోపు ఆయనే మూడుసార్లు వెళ్లారు, చివరిసారి నాతో చెప్పకుండా. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోసి ఇచ్చే 'బై టూ' ఆయనకు బాగా నచ్చింది. కాఫీని పంచుకోవడం పిసినారితనంగా కాక మర్యాదగా చెలామణి అయ్యే ఊరని అన్నారు.

ఇక్కడ ఒక మాట దాటవేయకూడదు. పాత హోటళ్ల నియమాలన్నీ వంట కోసమే పుట్టలేదు. బోర్డు మీద కులం పేరు రాసుకున్న రోజుల్లో ఆ పేరు తలుపు దగ్గరి కాపలాదారు పని కూడా చేసింది. మాంసం తినేవాళ్ల కోసం మిలిటరీ హోటళ్లు వేరే దారిన పెరిగాయి. రాగి ముద్ద, మటన్ సాంబారు వాటి సొత్తు. దర్శిని బల్ల దగ్గర మాత్రం ఆటో నడిపే మనిషి, బ్యాంకు మేనేజరు మోచేతులు తగిలించుకుంటూ తింటారు. నిలబెట్టి తినిపించడంలో ఇంత సమానత్వం ఉందని ఆ పద్ధతి కనిపెట్టినవారు అనుకుని ఉండకపోవచ్చు.

తెలుగువాళ్లు ఈ ఊరికి ఇచ్చిన నియమం అరటాకు. రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున 1984 నుంచి ఉంది. ఆ తర్వాత 'ఆంధ్రా స్టైల్' అనే మాట బెంగళూరులో ఒక వంట జాతి పేరైపోయింది. ఆకు వేస్తారు, నీళ్లు చల్లుకుంటాం, పొడి, నెయ్యి, ముద్దపప్పు, గోంగూర, పులుసు, పెరుగు ఒక క్రమంలో వస్తాయి. అన్నం అడగకముందే వడ్డిస్తారు. నాకు ఎప్పుడూ వింతగా తోచేది అక్కడి చిల్లీ చికెన్. పచ్చిమిరపకాయలు దట్టించిన ఆ ఆకుపచ్చ వేపుడును కన్నడ మిత్రులు మా ఊరి వంటగా భావించి నాకు అభినందనలు చెబుతుంటారు. గుంటూరులో గానీ ఒంగోలులో గానీ మా బంధువుల ఇళ్లలో దాన్ని నేను ఎన్నడూ తినలేదు. కారం తినే మనుషులుగా మన గురించి పొరుగువాడు ఊహించుకున్నదాన్ని మనవాళ్లే వండి పెట్టి, డబ్బు తీసుకుని, చివరికి తామూ ఇష్టపడ్డారు. నేనూ ఇష్టపడతాను. దాన్ని బెంగళూరు వంట అనడమే న్యాయం.

స్విగ్గీ పుట్టింది కూడా ఇక్కడే, 2014లో. అప్పటి నుంచి ఊరి వంటలు రెండుగా చీలిపోయాయి, డబ్బాలో ప్రయాణించేవి, ప్రయాణించలేనివి. బిర్యానీ హాయిగా ప్రయాణిస్తుంది. అందుకే మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీ గదుల్లో ఉండే మన కుర్రాళ్లకు బిర్యానీ అంటే ఇప్పుడు ఒక హోటలు కాదు, తలుపు చప్పుడు. వెన్న వేసి కాల్చే బెణ్ణె దోసె ప్రయాణించలేదు. మల్లేశ్వరంలో ఆ దోసెకు పేరుపడ్డ సీటీఆర్ హోటలు ముందు ఇవాళ్టికీ గుంపు తగ్గకపోవడానికి కారణం వెన్న ఒక్కటే కాదు, ఆ కరకర పది నిమిషాలకు మించి బతకదు. ఆకు భోజనాన్ని పొట్లం కట్టవచ్చు గానీ, కొసరి వడ్డించే చేతిని కట్టలేరు.

తాగే చోట్లకూ ఇదే వర్తిస్తుంది. ఎనభైల చివర నుంచి ఈ ఊరికి 'పబ్ సిటీ' అనే పేరుంది. 1989 నాటి పెకోస్ పబ్బు ఆ తరానికి మిగిలిన గుర్తు. ఆ పేరుకు విరుద్ధంగా బార్లు ఏళ్ల తరబడి రాత్రి 11.30కే మూతపడేవి. ఫలితంగా ఇక్కడి పార్టీ సాయంత్రమే మొదలయ్యేది, ఆదివారమైతే మధ్యాహ్నమే. గడువును ఒంటి గంటకు పెంచాక కూడా ఆ అలవాటు పోలేదు. పోలీసు నియమం ఊరి గడియారాన్నే మార్చేసింది. 2011 ప్రాంతంలో వచ్చిన మైక్రోబ్రూవరీలు, అంటే బీరును తామే కాచి అమ్మే పబ్బులు, మరో మలుపు. కాచిన చోటే తాజాగా తాగాల్సిన బీరు కనుక అది దోసెకు దగ్గరి చుట్టం. రాగి పాత్రలను అద్దాల వెనక నిలబెట్టడం ఆర్భాటమే అయినా అబద్ధం కాదు. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదన్న సుప్రీంకోర్టు తీర్పుతో 2017 జులైలో ఎంజీ రోడ్డు చుట్టుపక్కల పబ్బులు హఠాత్తుగా ఎండిపోయాయి. పట్టణ పరిధులకు అది వర్తించదన్న స్పష్టత వచ్చేదాకా ఆ వీధి ముఖం చూడాల్సింది.

కోరమంగళ, ఇందిరానగర్ డాబాల మీది కొత్త చోట్లకు నియమాలు లేవా అంటే, బోలెడు. ఒంటరి మగవాళ్లకు ప్రవేశం లేదు, చెప్పులతో రాకూడదు, తలకు ఇంత కట్టి లోపలికి రావాలి, తొమ్మిదిన్నరకు బల్ల ఖాళీ చేయాలి. కిందటేడు ఒక డాబా మీద, పేరు ఎందుకు గానీ, మా మిత్రుడి పుట్టినరోజు కేకు కోస్తుండగా మరో గుంపును మా వెనక తెచ్చి నిలబెట్టారు. ఈ నియమాల్లో ఒక్కటీ వంటకు సంబంధించింది కాదు. అన్నీ మనిషిని వడపోసేవి, అద్దెను రాబట్టేవి. అద్దె ఎక్కువైనప్పుడు వంటవాడి మీద కంటే వెలుగుల మీద పెట్టుబడి పెట్టడం యజమానికి క్షేమం. అందుకే అవన్నీ ఒకే ప్లాస్టిక్ తీగలతో ఒకేలా ఉంటాయి. అసలు ఉండాల్సిన నియమం, మంటలొస్తే బయటికి దారి, ఎక్కడుందో వెతుక్కోవాలి. 2018 జనవరిలో కలాసిపాళ్యం బారులో మంటలు చెలరేగి, రాత్రి అక్కడే పడుకున్న ఐదుగురు పనివాళ్లు చనిపోయారు. మన పార్టీ ముగిశాక ఆ చోటు ఎవరికో పడకగది అని అప్పటిదాకా నాకు తోచనేలేదు.

వెనక నిలబడడం గురించి అన్నాను గనుక ఒకటి ఒప్పుకోవాలి. ఆదివారం ఆంధ్రా భోజనశాలలో కూడా వెనక మనిషి నిలబడతాడు. పెళ్లిళ్లలో రెండో బంతి కోసం ఎదురుచూసేవాళ్లలా, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి మరీ. అక్కడ నాకు కోపం రాదు. కిందటి వారం నా వెనక నిలబడిన ముసలాయన నేను పులుసులోనే ఆగిపోయానని గమనించి, సర్వర్‌ను పిలిచి, "ఈయనకు పెరుగు వెయ్యి" అన్నారు. వేయించుకున్నాను.