కరువు బొమ్మను ఏ కాగితం మీద గీశారు?

చిత్రకారుడు జైనుల్ అబేదిన్ 1943 బెంగాల్ కరువు బొమ్మలు గీసింది సరుకులు చుట్టే చవక ప్యాకింగ్ కాగితం మీద. అచ్చు వేసేటప్పుడు ఆ మట్టిరంగును స్కానింగులో తెల్లగా మార్చేస్తే సగం సాక్ష్యం చెరిపేసినట్టే. ‘కాగితంపై సిరా’ అనే లేబుల్ కూడా అంతే అన్యాయం. ఏ కాగితమో రాయాలి.

అలాంటి కాగితం సిరాను పీల్చేస్తుంది. కుంచె తడిగా ఉంటే గీత అలుక్కుపోతుంది. అందుకే పొడి కుంచె అక్కరకొస్తుంది: సిరాలో ముంచి, తడి తుడిచేసి, గట్టిగా లాగాలి. వెంట్రుకలు విచ్చుకుని గీత చీలికలుగా పడుతుంది, మధ్యలో కాగితం బయటపడుతుంది. పక్కటెముకలకు వేరే నీడలు దిద్దక్కర్లేదు. కలకత్తా వీధుల్లో కాకుల పక్కన పడివున్న మనుషులు ఆ గీతల్లోనే ఉన్నారు. ఈ కాగితానికి ఆమ్లగుణం ఎక్కువ, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది. తెల్లబరచాలని బ్లీచింగ్ చేస్తే మరింత నష్టం.

ఆ కరువును వానల మీదకు నెట్టేయలేం. బర్మా జపాన్ చేతికి పోయి అక్కడి బియ్యం ఆగిపోయింది. జపాన్ సేనకు చిక్కకూడదని 1942లో ప్రభుత్వం తీరప్రాంతాల్లో పడవల్నీ బియ్యం నిల్వల్నీ లాగేసుకుంది. అక్టోబరులో మిడ్నపూర్‌ను తుపాను ముంచింది. యుద్ధకాలపు ధరలు కూలివాడి కంచాన్ని ఖాళీ చేశాయి. 30 లక్షల మంది దాకా చనిపోయారని అంచనా.

1943 నవంబరులో మిడ్నపూర్ పల్లెలు తిరిగిన మరో చిత్రకారుడు చిత్తప్రసాద్ తన సిరా బొమ్మల్లో మనుషుల పేర్లూ ఊళ్లూ రాసుకున్నాడు. పేరుంటే అది ‘పేదవాడి బొమ్మ’గా మిగిలిపోదు, వాంగ్మూలం అవుతుంది. ఆ బొమ్మలు, రాతలతో వచ్చిన ‘హంగ్రీ బెంగాల్’ పుస్తకం 5,000 ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని నాశనం చేసింది. ఒక ప్రతిని మాత్రం ఆయన కుటుంబం బ్యాంకు లాకర్లో దాచి కాపాడింది. ఇవే బొమ్మలు ఏ ధనవంతుడి హాల్లోనో తైలవర్ణాల్లో వేలాడి ఉంటే సర్కారు ఇంతగా బెదిరేది కాదని నా అభిప్రాయం. దాన్ని భయపెట్టింది ఇంటింటికీ చేరగల చవక అచ్చు.

చిత్తప్రసాద్ దగ్గర బొమ్మ నేర్చిన చిట్టగాంగ్ యువకుడు సోమనాథ్ హోర్, 1970లలో ‘గాయాలు’ వరుసకు వచ్చేసరికి సిరానే వదిలేశాడు. మట్టి పలకను కత్తితో కోయడం, కాల్చిన కడ్డీతో పొడవడం. దాని మీద సిమెంటు పోసి అచ్చు తీయడం. అందులో కాగితపు గుజ్జు అదిమి ఆరబెట్టడం. గుజ్జు ఆరాక కోత మొత్తం కాగితంలోనే ఉంటుంది. తెలుపు మీద తెలుపు, అక్కడక్కడా కాస్త ఎరుపు. మనిషి బొమ్మ లేకపోయినా అది చర్మమేనని తెలిసిపోతుంది.

వీటిని ముందునుంచి సూటిగా పడే వెలుతురులో ఫొటో తీస్తే కోతలన్నీ మాయమవుతాయి. దీపం పక్కనుంచి, కాగితానికి దాదాపు సమాంతరంగా పడాలి. అప్పుడే ప్రతి గాటుకూ నీడ వస్తుంది. కేటలాగులు వేసేవారు ఈ ఒక్క జాగ్రత్త పాటించకపోతే పాఠకుడి చేతికి ఖాళీ కాగితం ఇచ్చినట్టే.